బడి ఆవరణలోని బావి

పాఠశాలను వృద్ధి చేయుట పుణ్యకార్యమని మనలో అందరును అంగీకరింతురు. ఆ పుణ్యకార్యము కొరకు ఒక చెట్టును కొట్టవచ్చునా, ఒక నూతిని పూడ్చవచ్చునా, తాతలనాటి ఒక సావడిని పడగొట్టవచ్చునా అని అడిగినచో మాత్రము సభలో కొంతసేపు నిశ్శబ్దమావరించును. పిమ్మట ఎవరో ఒకరు "పిల్లల కొరకే కదా!" అందురు. దానితో చర్చ ముగియును. ఆ మూడు మాటలకు అంతటి బలమున్నది. ఆ బలము న్యాయమైనదేనా అన్నదే ఇచట నేను విచారింపదలచిన ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో దొరికినది కాదు. 1996వ సంవత్సరమున మైలాపూరులో తెలుగువారు నడుపుచుండిన ఒక పాఠశాలకు నేను నిర్వాహక సంఘ సభ్యుడనుగా ఉంటిని. ఆ పాఠశాల పేరుతో ఇచట పనిలేదు. ఆవరణములో ఈశాన్యపు మూల ఒక బావి, ఆ బావిమీదికి వంగిన ఒక నేరేడు చెట్టు ఉండెడివి. తరగతి గదులు చాలకుండెను. ఇంజనీరు పటము గీచి తెచ్చెను. పటములో బావి లేదు, చెట్టు లేదు, వాని స్థానమున నాలుగు గదులున్నవి. ఆ సంవత్సరముననే కృష్ణాజలము పూండి జలాశయమునకు చేరినది. 1983లో ఉభయ రాష్ట్రముల నడుమ కుదిరిన తెలుగుగంగ ఒప్పందము పదమూడేండ్లకు ఫలించినదని మనవారందరి ముఖములును వెలుగుచుండిన కాలమది. సంఘములో ఒక మిత్రుడు నవ్వుచు, "కృష్ణమ్మయే మన ఇంటికి నడచి వచ్చుచుండగా ఈ చేద బావి ఎందుకండీ?" అనెను. అందరును నవ్విరి. బడిగంట కొట్టు వృద్ధుడు తలుపువద్ద నిలిచి, "అయ్యగారూ, నుయ్యి పూడిస్తే మంచిది కాదంటారు. ఇది ఏ ఎండల్లోనూ ఎండలేదు" అని మెల్లగా అనెను. ఆ మాటను ఎవరును వ్రాసికొనలేదు. తీర్మానమునకు చేతులెత్తుడనగా నేనును చేయెత్తితిని.

ఏడేండ్లు గడచినవి. వరుసగా వానలు తప్పినవి. 2003లో తమిళనాడు ప్రభుత్వము ప్రతి భవనమునకును వాననీటిని భూమిలోనికి ఇంకించు ఏర్పాటు ఉండితీరవలెనని శాసించినది. మా పాఠశాల కూడ ఆ పని చేయించినది. డాబామీదినుండి గొట్టములు దింపి, ఆవరణములో గోతులు త్రవ్వించి, గులకరాళ్లు, ఇసుక పోయించితిమి. త్రవ్వువారు ఒకచోట గునపము దించగా పాత ఇటుకల వరుస తగిలెను. అది మేము పూడ్చిన బావి ఒరయే. నీటిని లోనికి పంపుటకు దానికంటె మేలైన మార్గము లేదు. కాని దానిపై అప్పటికే గోడ లేచియున్నది. ఉచితముగా ఉన్నదానిని డబ్బిచ్చి పూడ్పించి, అదే పనికి మరల డబ్బిచ్చి ప్రక్కన గోతులు త్రవ్వించితిమి. 2019 వేసవిలో చెన్నపట్టణమునకు నీరిచ్చు పూండి, చోళవరము, పుళల్, చెంబరంబాకము జలాశయములు నాలుగును దాదాపు అడుగంటినవి. నీరు లేక కొన్ని పాఠశాలలు పనివేళలను తగ్గించుకొన్నవి. మా ఆవరణము ముందర నీటి లారీ కొరకు బిందెలు వరుసకట్టినవి. కృష్ణమ్మను నేను నిందింపను. దూరమునుండి వచ్చు నదిని నమ్మి కాళ్లక్రింది నీటిని పూడ్చుకొన్న మా తెలివిని గూర్చియే చెప్పుచున్నాను.

ఇది వట్టి లాభనష్టముల లెక్క అయినచో ఒక వ్యాసము వ్రాయవలసినంత విషయము కాదు. తెలివితక్కువ పని ఒకటి జరిగినదని ఊరకుండవచ్చును. కాని ఇందు ధర్మసంబంధమైన తప్పు కూడ ఒకటి ఉన్నదని నాకు క్రమముగా తోచినది.

మన పూర్వులు సంతానమును ఏడు విధములుగా లెక్కించిరి. కడుపున పుట్టిన కొడుకు, దాచిన నిధి, త్రవ్వించిన చెరువు, నాటిన వనము, కట్టించిన దేవాలయము, నిలిపిన అగ్రహారము, అంకితముగొన్న కృతి. సప్తసంతానములను ఈ మాట మన కావ్యముల పీఠికలను చదివిన వారికి క్రొత్త కాదు. చెరువును, తోటను సంతానమనుట అలంకారమాత్రమే అని పలువురు తలంతురు. నాకట్లు తోచదు. కన్నబిడ్డ తండ్రి గతించిన పిదపను బ్రతికి, తండ్రి ఎరుగని వారికి అన్నము పెట్టును. చెరువు చేయుపనియు అదియే. చెట్టు చేయుపనియు అదియే. ఈ లెక్క ప్రకారము చూచినచో "పిల్లల కొరకే కదా" అను మాట మనమీదికే తిరిగివచ్చును. ఆ బావి ఎవరో ఒక పెద్దమనిషి కన్న బిడ్డ. ఒక బిడ్డకు గది కట్టుటకై మరియొక బిడ్డను మేము పాతిపెట్టితిమి. అగ్రహారము ఆనాడు చాలవరకు విద్యకు నెలవు గనుక, బడియు ఈ ఏడింటిలోనిదే. తోబుట్టువుల నడుమ ఒకరిని బలి ఇచ్చి మరియొకరిని పెంచుమని ఏ ధర్మమును చెప్పదు.

మూడు ఋణములలో పితృఋణమును గూర్చి కూడ ఇట్లే ఆలోచింపవచ్చును. గతించిన వారికి మనము బాకీపడినది వారికి తిరిగి ఇయ్యలేము, వారు లేరు. దానిని సంతానము ద్వారా తీర్చుమన్నారు. అనగా వెనుకటివారి అప్పును ముందుతరమునకు చెల్లింపవలెను. పాతవస్తువులను కాపాడుట పెద్దలమీది భక్తి అనియు, క్రొత్త గదులు కట్టుట పిల్లలమీది ప్రేమ అనియు, ఈ రెంటికిని వైరమున్నదనియు మనము సభలలో వాదించుకొందుము. రెండును ఒకే అప్పు. పుచ్చుకొనువారు కూడ ఒక్కరే. బడికి స్థలమిచ్చిన దాత తన కాలపు పిల్లలకు మాత్రమే ఇయ్యలేదు. సంఘ సభ్యుడు ఆ స్థలమునకు యజమాని కాడు, ధర్మకర్త. తోట కౌలుకు పుచ్చుకొన్నవాడు పండ్లు తినవచ్చును, వేళ్లు అమ్ముకొనరాదు.

ఈ సూత్రమును మైలాపూరులో నివసించువారికి వేరుగా బోధింపవలసిన పనిలేదు. ప్రతిదినము మనము దానికి ప్రదక్షిణము చేయుచున్నాము. కపాలీశ్వరుని కోవెలలో పొన్నచెట్టు ఉన్నది. నెమలి రూపమున అమ్మవారు స్వామిని ఆరాధించినది ఆ చెట్టుక్రిందనే అని స్థలపురాణము. ఈ ఊరి పేరులోనే ఆ నెమలి ఉన్నది. కోవెలకు పడమట కోనేరు. సముద్రతీరమున ఉండిన పాత ఆలయము పోర్చుగీసువారి కాలమున నశించినదనియు, పిదప ఈ చోట మరల కట్టిరనియు చెప్పుదురు. అంత చెడిన కాలమునందును, మరల కట్టిన వారు చెట్టును, నీటిని, గర్భగుడిని విడదీయక ఒక్కటిగా కట్టిరి. మూర్తికి ఎంత మర్యాదయో తీర్థమునకును, స్థలవృక్షమునకును అంత మర్యాద. ఆ కోనేటి భూమి ఆర్కాటు నవాబు ఇచ్చినదని ప్రతీతి. మొహరము దినములలో ముస్లిములు నేటికిని ఆ నీటికి వత్తురు. మన శిల్పులకు స్థలము చేతులో పెట్టినచో మొదట నీరెక్కడ, చెట్టెక్కడ అని చూచి, ఆ తరువాతనే గోడ ఎక్కడ అని అడిగెడివారు. మన ఇంజనీరు గోడతో మొదలుపెట్టును. దోషము అతనిది కాదు. అతనికి తెల్లకాగితమిచ్చినది మేము.

మనవారి చేతులమీదుగా పూడిన నీరు ఇంకను ఉన్నది. నుంగంబాకమునుండి మైలాపూరు వైపునకు సాగిన పొడుగాటి చెరువు ఒకటి ఒకప్పుడు ఉండెడిది. 1923, 1925 సంవత్సరముల నడుమ, పానుగంటి రామారాయణింగారు, అనగా పానగల్ రాజావారు, మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా ఉన్నపుడు ఆ చెరువు భాగమును మెట్టచేసి క్రొత్త పేటను నిర్మించిరి. అదే త్యాగరాయనగరము. పిట్టి త్యాగరాయచెట్టిగారును, పానగల్ రాజావారును తెలుగువారే. మన సంఘములు ఏటేట వారి చిత్రపటములకు దండలు వేయుచున్నవి, వేయవలసినదే. ఆ పేటలో మన ఇండ్లు, మన బడులు, మన సినిమా కచేరీలు వెలసినవి. అక్కడ ఇండ్లు కట్టరాదని నేననుట లేదు. పెద్దవాన కురిసిననాడు ఆ వీథులలో నీరు ఎందుకు నిలుచుచున్నదని పిల్లవాడు అడిగినచో, చెరువు తన చోటును మరువలేదని చెప్పవలసియుండునని మాత్రము అనుచున్నాను. లజ్‌లోని ఉద్యానము కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట నేటికిని పచ్చగా ఉన్నది. ఆయన గృహమైన శ్రీబాగులో 1937 నవంబరు 16న కుదిరిన ఒడంబడికయందు విశ్వవిద్యాలయ కేంద్రమొకటి అనంతపురమున నెలకొనవలెనన్న మాట ఉన్నది. విద్యాలయము ఎచట ఉండవలెనన్న ప్రశ్న ఎంత గొప్పదో ఆనాటివారికి తెలియును. అచట చేరిన తరువాత చుట్టునున్న దానిని ఏమి చేయవలెనన్న ప్రశ్న మన తరమునకు మిగిలినది.

సముద్రపు ఒడ్డున క్వీన్ మేరీ కళాశాల చరిత్రలో ఈ ప్రశ్నకు రెండు ముఖములును కనబడును. 1914లో స్త్రీలకొరకై మద్రాసులో మొదలైన ఈ కళాశాల, కాపర్ అను సైనికోద్యోగి పేరిట వెలసి కొన్నాళ్లు హోటలుగా నడచిన పాత గృహములో కన్ను తెరచినది. డొరొతీ డి లా హే తొలి ప్రిన్సిపాలు. పిదప పెంట్లండు హౌసు, స్టోన్ హౌసు, జయపూరు హౌసు అను భవనములు ఒకదాని ప్రక్కన ఒకటి లేచినవి. చివరిదాని పేరు వినగానే విశాఖ మండలములోని నాటి జయపురము సంస్థానము మనకు జ్ఞప్తికి వచ్చును. మన కుటుంబములలో ఎందరు అవ్వలు, అత్తలు ఆ మెట్లెక్కి చదువుకొన్నారో లెక్కలేదు. 2003లో రాష్ట్ర ప్రభుత్వము ఆ భవనములను తొలగించి అక్కడ సచివాలయము కట్టనెంచినది. విద్యార్థినులు ఆవరణము వీడక కూర్చుండిరి. ఊరు వారి పక్షమున నిలిచినది. వ్యవహారము న్యాయస్థానమునకు పోయినది. ప్రభుత్వము తుదకు ఆ యోచనను విడిచినది. ఆ కథ మనమందరము గర్వముతో చెప్పుకొందుము. చెప్పుకొననిది వేరొకటి. కళాశాల పుట్టిన ఆ కాపర్ గృహము నేడు లేదు. ఏ శత్రువును దానిమీదికి రాలేదు. మరమ్మతు లేక జీర్ణించి, కూల్చబడి, ఆ చోట క్రొత్త భవనము వెలసినది. బయటివాడు గునపము పట్టుకొని వచ్చినపుడు మనము అడ్డుపడగలము. వానకాలము, రావిమొక్క, "వచ్చే ఏడు చూచుకొందము" అను మాట, ఈ మూడును కలిసి వచ్చినపుడు ఎవరికి ఎదురుగా కూర్చుందుము?

రావిమొక్క అని ఊరక అనలేదు. పాత మద్రాసు భవనముల మిద్దెలు టేకు దూలములపై ఇటుకలను నిలువుగా పేర్చి గానుగసున్నముతో అతికి కట్టినవి. మద్రాసు టెర్రేసు అని వానికి పేరు. అట్టి మిద్దె నూరేండ్లు నిలుచును. నీరుపోవు తూములలో ఆకులు అడ్డుపడి నీరు నిలిచినపుడే అది చెడుట మొదలగును. పిట్ట తెచ్చివేసిన రావిగింజ పిట్టగోడ సందులో మొలచి వేరు దించును. ఏటేట తూము శుభ్రపరచి, మొలకను పెరికివేసినచో కోట్ల రూపాయల భవనము మిగులును. ఆ పనికి కూలి స్వల్పము. కాని తూము శుభ్రపరచినవాని పేర శిలాఫలకము వేయరు. క్రొత్త భవనమునకు వేయుదురు. మన సంఘములలో పాత భవనములు పడిపోవుటకు కారణములలో ఈ శిలాఫలకము సామాన్యమైనది కాదని నా అభిప్రాయము. ఇందుకు కొందరు మిత్రులు నామీద కోపింపవచ్చును.

ఎదుటిపక్షపు వాదమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. 2004 జూలై 16న కుంభకోణములో ఒక పాఠశాల పాక అంటుకొని 94 మంది పసివారు కాలిపోయిరి. పాతది, ఇరుకైనది, బయటికి దారి లేనిది అయిన బడి ఎంత క్రూరమైనదో ఆనాడు దేశమంతయు చూచినది. పాతదనము ఒక సుగుణము కాదు. మెట్లు ఇరుకైనచో వెడల్పు చేయవలెను. కరెంటు తీగలు చీకినచో మార్చవలెను. ఆడపిల్లలకు మరుగుదొడ్లు లేని చోట అవి కట్టుటకు చారిత్రకమైన గోడ అడ్డమని చెప్పువాడు చరిత్రను ప్రేమించుటలేదు, పనిని తప్పించుకొనుచున్నాడు. చెట్టుకొమ్మ విరిగి బిడ్డమీద పడునను భయమున్నచో ఆ కొమ్మను తీయింపవలెను. బిడ్డ ప్రాణమునకు, ఒక దూలమునకు పోటీ వచ్చిననాడు నేను దూలమును విడుతును, అందు రెండవ ఆలోచన లేదు. అయితే అట్టి పోటీ నిజముగా వచ్చినది ఎన్నిమారులు? మా బావి ఎవరి ప్రాణమునకును అడ్డు రాలేదు. దానిమీద ఇనుపకమ్మీల మూత ఉండెను. అది అడ్డువచ్చినది ఒక పటమునకు. నాలుగు గదులను పాత గదులపైనే మేడగా లేపి ఉండవచ్చును. ఆ మాట ఆనాడు ఎవరికిని తట్టలేదు, ఎందుకనగా బావిని ఎవరును పటములో గీయలేదు.

గీచినవారు లేకపోలేదు. హైదరాబాదు కోఠీలో 1803లో మొదలుపెట్టి కట్టిన బ్రిటిషు రెసిడెన్సీ 1949నుండి మహిళా కళాశాల అయినది. పైకప్పు బీటలువారి, దర్బారు హాలు వాడుకకు రానంతగా చెడి, ప్రపంచమున అపాయములోనున్న కట్టడములలో ఒకటిగా 2002లో లెక్కింపబడినది. దానిని కూల్చక, పిల్లల చదువును ఆ ఆవరణములోనే సాగించుచు, ఎన్నో ఏండ్ల ఓపికతో బాగుచేసి 2023లో తలుపులు తెరచిరి. ఆ మెట్లప్రక్కన రాతిసింహములు నేటికిని ఉన్నవి. మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ పాఠశాలది వేరొక పద్ధతి. జిడ్డు కృష్ణమూర్తిగారు 1920 దశకమున ఆ లోయను ఎంచుకొన్నప్పుడు అక్కడ పెద్ద మర్రిచెట్టు ఒకటి ఉండెను. చుట్టును ఎండిన నేల. బడి పెరుగుచుండగా దానితోపాటు చెట్లును పెరుగునట్లు నాటిరి, వాననీటిని ఆపిరి. 1991నాటికి ఆ లోయ పక్షులకు రక్షితస్థలమైనది. వారికి వందల ఎకరములున్నవి, మాకు నాలుగు గ్రౌండ్లు లేవని మీరనవచ్చును. నిజమే. కాని మైలాపూరు నేల చాలచోట్ల ఇసుకపర్ర. ఒక్క వానను ఇంకించుకొను శక్తి దానికున్నది. దానిని అంచునుండి అంచువరకు సిమెంటు పలకలతో కప్పుటకు చిన్నస్థలము కారణము కాదు. ఇచట నీరు ఇంకనిచో, సముద్రము ప్రక్కనే ఉన్నది గనుక, తోడినకొలది ఉప్పునీరు లోనికి జరుగును. వేపచెట్టు మొదటిచుట్టు నాలుగడుగులు మట్టిగా విడిచినచో చెట్టును బ్రతుకును, నీరును దిగును. పిల్లలు కూర్చుండుటకు నీడయు మిగులును.

ఇంత చెప్పి, ఒక మాట దాచినచో నేను నిజాయితీ లేనివాడనగుదును. మన బడులలో అన్నిటికంటె పాతవస్తువు గోడ కాదు, బావి కాదు, తెలుగు. డాక్టరు కేసరిగారి వంటివారు మైలాపూరులో తెలుగుబిడ్డలకు బడి నిలిపినది ఆ వస్తువు కొరకే. 2006లో తమిళభాషాధ్యయన చట్టము వచ్చిన పిదప తెలుగును పరీక్షకు తీసికొను పిల్లలకు కలిగిన చిక్కులు, న్యాయస్థానములు ఇచ్చిన మినహాయింపులు మన ఇండ్లలో అందరికిని తెలిసినవే. తెలుగు తరగతిలో బల్లలు ఏటేట తగ్గుచున్నవి. చట్టము ఒక కారణము. తమ బిడ్డను తెలుగు తరగతిలో వేయని తెలుగు తలిదండ్రులు మరియొక కారణము. సున్నపు గోడను కాపాడి, అందులో తెలుగు వినబడనిచో మనము కాపాడినది ఏమి? ఈ ప్రశ్నకు నాయొద్ద తృప్తికరమైన సమాధానము లేదు. ఒకటి మాత్రము చూచితిని. పాత సావడిని ఖాళీ చేయవలెనని గత వేసవిలో బీరువాలు తెరచినపుడు పాత ప్రవేశపు రిజిస్టర్లు బయటపడినవి. చెదలు కొంత తిన్నవి. మిగిలిన పుటలలో గుండ్రని తెలుగు అక్షరములతో బిడ్డ పేరు, తండ్రి వృత్తి, వచ్చిన ఊరు వ్రాసియున్నవి. నెల్లూరు, ఒంగోలు, బందరు, చిత్తూరు. తండ్రుల వృత్తులలో అచ్చుకూటపు కంపోజిటరు ఉన్నాడు, రైల్వే గుమాస్తా ఉన్నాడు, వంటవాడు ఉన్నాడు. తొమ్మిదవ తరగతి పిల్ల ఒకతె ఆ పుటలు త్రిప్పుచు తన ముత్తాత పేరు కనుగొని, పట్టుదలతో కూడబలుకుకొని చదివినది. ఆమె తెలుగు తరగతిలో లేదు. ఆ అక్షరములు ఇంటివద్ద నాయనమ్మ నేర్పినవట. ఆ రిజిస్టర్లను పాతకాగితములవానికి తూకమునకు వేయవలెనని అంతకు రెండుదినముల క్రిందటనే సంఘము నిశ్చయించియుండెను.

ఆ నిశ్చయమును ప్రస్తుతము నిలిపివేసిరి. సావడి సంగతి ఇంకను తేలలేదు. అది తొంబది ఏండ్లనాటిది. దానిని తీసి మూడంతస్తుల భవనము లేపవలెనని పటమొకటి వచ్చినది. నేనిపుడు సంఘములో లేను; ముసలితనమున సలహాకు పిలుతురు. ఈ మారు ఇంజనీరు యువకుడు. పటము గీయకముందు ఉన్నదానిని గీయుమని అడిగితిని: ఏ చెట్టు కొమ్మ ఎంతవరకు పరచుకొన్నది, వాననీరు ఏ వాలున పోవుచున్నది, సావడి దూలములలో ఎన్ని గట్టివి, ఎన్ని పుచ్చినవి. అతడు విసుగుకొనలేదు. దూలములను ఒక్కొక్కదానిని తట్టి చూచి, పదునాలుగింట మూడు మాత్రమే మార్చవలసియున్నదని వ్రాసికొనెను. సభ్యులలో కొందరికి ఆ లెక్క రుచింపలేదు. మూడంతస్తులకు చందా ఇచ్చెదమన్న దాతలు మూడు దూలములకు ఇత్తురా అని అడిగిరి. సరియైన ప్రశ్నయే. వచ్చే నెల సభలో దానిని చర్చింతురు.

వెళ్లబోవుచు ఆ యువకుడు, "పాత బావి ఒకటి ఉండేదటగా, ఎక్కడండీ?" అని అడిగెను. గంట కొట్టు వృద్ధుడు పోయి చాలకాలమైనది. ఆ చోటును చూపగలవాడను నేనొక్కడనే మిగిలితిని. గోడ వెంబడి నడచి, సైకిళ్లు నిలుపు పందిరిక్రింద కాలితో చూపించితిని. ఒరలో సగము గోడక్రింద ఉన్నది, సగము బయట ఉన్నది. అతడు సుద్దముక్కతో నేలమీద అర్ధచంద్రాకారముగా గీత గీచి, కొలత తీసికొని, పటములో వ్రాసికొనెను.